ముసలమ్మ వాకిట్లో తొక్క సంచులు

జెట్టీ వెనక వీధిలో ఆడవాళ్ళు పొద్దున్నే చీపుళ్ళు పట్టుకుని బయటికొచ్చి, ఊడ్చేముందు ఒకసారి గుమ్మం కింద చూసుకుంటారు. సముద్రంలో ఎవరు ఏది పారేస్తే, తెల్లారేసరికి అది వాళ్ళ వాకిట్లో ఉంటుంది. తెగిన వల పారేసినవాడికి వల, బిస్కెట్ల కవరు పారేసినవాడికి కవరు. పోటు నీళ్ళు సన్నగా వీధిలోకి పాకి వచ్చి, ఎవరిది వాళ్ళ గుమ్మం ముందు దింపి వెనక్కి పోతాయి. పొరపాటున కూడా పక్కింటివాళ్ళకి ఇవ్వవు. ఓసారి గణేశ్వరరావు పెళ్ళాంతో పోట్లాడి వేలి ఉంగరం తీసి నీళ్ళలోకి విసిరాడు. మర్నాడు పొద్దున దాన్ని ముందు చూసింది పెళ్ళామే.

ఇది ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుందన్నట్టే ఇదీ. ఎటొచ్చీ సిగ్గు ఒకటి ఉండేది. నలుగురూ చూసేలోగా తీసేసుకోవాలని అందరికీ తొందర. ఎంత జాగ్రత్తగా ఉన్నా వేట అన్నాక ఏదో ఒకటి చేతిలోంచి జారుతుంది. ఐసు సంచి చిరుగుతుంది, ఎర కట్టిన కవరు గాలికి ఎగిరిపోతుంది.

పోయిన దానయ్య భార్య ముసలమ్మ వాకిలికి మాత్రం సముద్రం ఏనాడూ ఏదీ తెచ్చి ఇవ్వలేదు. చిన్నప్పుడు శ్రీకాకుళం పక్క నుంచి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చిన మనిషి. చేపలమ్మి కొడుకుని పెంచింది. వాకిట్లోకి ఏదీ రాని సంగతి ఆవిడ ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు గానీ వీధికి తెలుసు. తగువులొస్తే ఆవిడ అరుగు దగ్గరికే వచ్చేవారు. ముసలమ్మ ఒక మాట అందంటే మళ్ళీ అడిగే పని లేదు.

ఆవిడ కోడలు పద్మిని. ఆస్టినాబాద్‌లో పుట్టింది, తాతల నాటి నుంచీ ద్వీపంలో ఉన్న కుటుంబం. తండ్రి ఆఫీసులో గుమాస్తా. విశాఖపట్నం వెళ్ళి కెమిస్ట్రీ చదువుకుని వచ్చింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ బోర్డు చదవాలంటే కూడబలుక్కోవాలి. ఓడ ఇంజిన్ గదిలో పనిచేసే యువరాజ్‌ని ఇష్టపడి చేసుకుంది. ఎయిర్‌పోర్టు పక్కన, ఎత్తు మీదున్న లంబాలైన్‌లో అద్దెకుంటారు. పెళ్ళయిన కొత్తలో ముసలమ్మ బజారు నుంచి నేరుగా చేప పట్టుకుని వచ్చి కూర్చుంటే, పద్మిని లేచి కిటికీ తీసింది. కిటికీ తీసింది, అంతే. ఆ తరవాత ముసలమ్మ ఎప్పుడు వచ్చినా స్నానం చేసి, ఉతికిన చీర కట్టి, మెడకి పౌడరు రాసుకుని వచ్చేది. ఆ పౌడరు చూసినప్పుడల్లా పద్మినికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

పద్మిని ఆస్టినాబాద్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకుని పని మొదలుపెట్టింది. జూసు బళ్ళవాళ్ళు పిండి పారేసే బత్తాయి, నారింజ తొక్కలు, ఫెరార్గంజ్ తోటల్లో రాలి కుళ్ళిపోయే నిమ్మకాయలు పైడిబాబు తన ఆటోలో తెచ్చి కుప్ప పోసేవాడు. వాటికి ఆవిరి పడితే ముందు నూనె దిగుతుంది. జిడ్డు వదిలించడానికి పెట్రోలు నుంచి తీసే మందులు చేసే పని అది చేస్తుంది. బోటు ఇంజిన్ మీద గ్రీజు మరకని ఇట్టే లాగేస్తుంది. నూనె పోగా మిగిలిన పిప్పిని ఉడికించి, జిగురు తీసి, పళ్ళేల మీద పలచగా పోసి ఎండబెడితే పొర వస్తుంది. అచ్చం ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. దాన్ని కత్తిరించి అతికిస్తే సంచి. ఉప్పునీళ్ళలో పడితే నాని కరిగిపోతుంది.

"కరిగిపోద్దంటే, మరి తిరిగి రాదా?" అని అడిగింది ముసలమ్మ.

"రాదు అత్తా. తిరిగి రావడానికి ఏమీ మిగలదు."

ముసలమ్మ ఆ సంచులు కొన్ని ఒళ్ళో పెట్టుకుని వీధికి వెళ్ళింది. ఇంటికొకటి ఇచ్చి సముద్రంలో వేయించింది. మర్నాడు అందరూ చీపుళ్ళు పట్టుకుని గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎవరి వాకిట్లోనూ ఏమీ లేదు. నారింజ వాసన మాత్రం కాస్త గాలిలో ఉందని ఆ వీధి మంజు అంది. ఆవేళ ముసలమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"నా కోడలి సంచులు. నిబ్బరంగా ఏసుకోండి నీళ్ళల్లో. నాను సెప్తన్నాను కదా."

ఆ మాట మీద వీధి ఆడవాళ్ళు షెడ్డులో పనికి కూడా వచ్చారు. చిట్టితల్లి అందరికంటే చురుకు. పొరని వేళ్ళ మధ్య పట్టుకుని ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో చెప్పేసేది. వేటకి వెళ్ళేవాళ్ళు ఎర, ఐసు ఆ సంచుల్లోనే కట్టుకుపోసాగారు. పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చేవాళ్ళ మొహాల్లో తొందర తగ్గింది.

టూరిస్టుల సీజను మొదలవబోతుండగా, చుట్టుపక్కల దీవులకి పడవలు తిప్పే కంపెనీ మేనేజరు రాజ్‌కిరణ్ షెడ్డుకి వచ్చాడు. మధ్యాహ్నం భోజనం కట్టి ఇవ్వడానికి సీజనంతా సంచులు కావాలన్నాడు. "మా గెస్టులకి ఇదే చెప్తాం మేడమ్. తిని సముద్రంలో వేసెయ్యండి, ఖతమ్. ఇలాంటిది ఇంకెక్కడుంది?"

పద్మిని ఒప్పుకుంది. ఆ రాత్రి భర్తకి ఫోను చేసి గట్టిగా నవ్వింది కూడా.

కానీ ఆ ఏడు వానలు పోవలసిన వేళకి పోలేదు. పళ్ళేల మీద పోసిన పొర ఎండదు. ఎండినట్టు కనిపించినా, మడత పెడితే ఒకదానికొకటి అంటుకుని బూజు పట్టేది. చెన్నై ఓడ తుపానుకి ఆగిపోయి బత్తాయిలు రాలేదు. వానలో జూసు తాగేవాళ్ళు లేరు. పైడిబాబు ఖాళీ ఆటోతో వచ్చి, "క్యా కరూఁ దీదీ, బళ్ళన్నీ టీ కాస్తున్నాయి," అని తల గోక్కునేవాడు.

"దీదీ, కంపెనీ భయ్యాకి చెప్పెయ్యండి. ఎండ వచ్చేదాకా ఆగమనండి. ఆగరా ఏంటి?" అంది చిట్టితల్లి.

"చెప్తాలే," అంది పద్మిని.

చెప్పలేదు. ఫోను చేతిలోకి తీసుకునేది, పెట్టేసేది. చదువుకుని వచ్చిన అమ్మాయి చెత్తతో బంగారం చేస్తుందని పేపరువాళ్ళు రాసిన ముక్క తండ్రి అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నాడు. అది గుర్తొచ్చేది. చివరికి బజారులో ఒక వ్యాపారి దగ్గర పలచటి ప్లాస్టిక్ చుట్టలు కొని షెడ్డుకి తెచ్చింది. ప్లాస్టిక్ మీద నిషేధం వచ్చి కవర్లు అమ్మడం మానేయాల్సి వచ్చాక అతని గోడౌన్‌లో మూలపడి ఉన్న సరుకది.

"ఇది బెంగళూరు నుంచి తెప్పించాను. కొత్తరకం తొక్క పొర. మనం కోసి అతికించడమే," అని ఆడవాళ్ళతో అంది.

వాళ్ళు కోశారు, అతికించారు. పైన తొక్క నూనె తుడిచారు. షెడ్డంతా నారింజ వాసన. చిట్టితల్లి ఒక సంచి వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు అలా నిలబడింది. పద్మిని వైపు చూసింది. పద్మిని వెంటనే ఏదో గిన్నె వెతుకుతున్నట్టు వంగింది. చిట్టితల్లి ఆ సంచిని కట్టలో పెట్టేసింది.

పడవలు తిరిగాయి. వాటిలో పనిచేసేది ఎక్కువగా ఆ వీధి మగవాళ్ళే. టూరిస్టులు పులిహోరో శాండ్‌విచ్చో తిని, సంచి ఎక్కడ వెయ్యాలని అడిగితే, "ఫికర్ నహీఁ సాబ్, పానీ మేఁ డాల్ దో," అని, నీళ్ళలో వేసెయ్యమని వీళ్ళే చెప్పేవారు. సంచి వాసన చూసుకుని, ఫొటో తీసుకుని, సంబరంగా విసిరేవారు వాళ్ళు.

ఆదివారం పొద్దున పద్మిని అత్తకి పళ్ళు పట్టుకుని వెళ్ళింది. వీధి మొదట్లోనే నారింజ వాసన కొట్టింది. ముసలమ్మ ఇంటి ముందు గుమ్మం దగ్గర్నుంచి మెట్టు దాకా సంచులు. తడిసి ముడుచుకుపోయి, ఇసకా నాచూ పట్టి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముసలమ్మ నడుం వంచి ఒక్కొక్కటీ ఏరుతోంది. మిగతా ఇళ్ళ ముందు ఏమీ లేదు. ఆడవాళ్ళందరూ ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తున్నారు, అటు చూడకుండా.

పద్మిని చేతిలో పళ్ళ సంచి కిందపెట్టేసి తనూ వంగింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, నాకొకటి సెప్పు. నానేటి పడీసినాను?"

"అత్తా..."

"తెల్లారగట్ల నుంచీ ఆలోసిస్తన్నాను. ఒడ్డుకే ఎల్లనేదు నాను. ఎల్లినానేమో, గుర్తునేదేమో. మా అమ్మకి కూడా ఇలాగే మతి పోయింది, ఈ వయసుకే." ఆవిడ కళ్ళు పద్మిని మొహంలో ఏదో వెతుకుతున్నాయి. "నానెప్పుడైనా నీ ఇంటి కాడ్నించి సంచులు తెచ్చి పడీసినానా? నిజం సెప్పు."

పద్మిని నోరు తెరిచింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన నూకన్న మావయ్య బీడీ ముట్టించుకోవడం మాని వింటున్నాడు. మంజు చీపురు ఆగింది.

"లేదు అత్తా," అని మాత్రం అని, సంచులన్నీ గోనెలో కుక్కుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది. దారంతా ఆ గోనె ఒళ్ళోనే పెట్టుకుంది. పైడిబాబు అద్దంలోంచి చూసి ఆటో నెమ్మదిగా పోనిచ్చాడు.

సోమవారం ఇంకా ఎక్కువ వచ్చాయి. మంగళవారం ముసలమ్మ చేపల బజారుకి వెళ్ళలేదు. ఆ వారంలోనే గణేశ్వరరావుకీ పక్కింటివాళ్ళకీ గోడ దగ్గర తగువొచ్చింది. ముసలమ్మ అరుగు దగ్గరికి ఎవరూ రాలేదు, వాళ్ళలో వాళ్ళే అరుచుకున్నారు. ఈ సంగతులు షెడ్డులో చిట్టితల్లి చెప్పింది. చెబుతూ సంచులు లెక్కపెట్టే చెయ్యి ఆపలేదు.

"నిన్న మా ఇంటికొచ్చింది ముసలమ్మత్త. ఇల్లిల్లూ తిరుగుతోంది. 'ఏటి పడీసినానో గుర్తునేదు తల్లీ, తప్పయిపోయింది, ఏటీ అనుకోకండి' అని దండం పెడుతోంది. మా అమ్మకి కూడా పెట్టింది."

పద్మిని చేతిలో ఉన్న నూనె డబ్బా కింద పెట్టింది. ఆవిడ దండం పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా చూసినట్టే కళ్ళముందు కనిపించింది. ఉతికిన చీర, మెడ మీద పౌడరు, ఒక్కొక్క గుమ్మం ముందూ వంగుతూ.

"పని ఆపెయ్యండి," అంది.

వీధికి వెళ్ళేసరికి ముసలమ్మ లోపల చాప మీద పడుకుని ఉంది. పద్మిని గుమ్మంలోనే కూర్చుని, వానల దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. ప్లాస్టిక్ చుట్టల గురించి చెప్పేటప్పుడు గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ముసలమ్మ లేచి దగ్గరికి జరగాల్సి వచ్చింది.

అంతా విన్నాక ఆవిడ ముందు అన్న మాట ఇది.

"అయితే నాకు మతి పోనేదన్నమాట."

"లేదు అత్తా. నీకేమీ కాలేదు."

"అమ్మయ్య." ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి, "మరి నా వాకిట్లోకెందుకొచ్చినాయి? పడీసినోళ్ళు ఆళ్ళు. సేసిందానివి నువ్వు," అంది. అని, తనే తల ఊపింది. "పడీమన్న మాట నాది కదా. సముద్రానికి అదే తెలుసు."

పద్మిని ఏడవబోతే ఆవిడ చూసింది. "ఇప్పుడు కాదు. ముందు ఈదిలోకెల్లి సెప్పు. నానొస్తే ముసల్దాని ఎనకాల నక్కినావంతారు. ఒక్కద్దానివే ఎల్లు."

పద్మిని ఒక్కతే వెళ్ళింది. ప్రతి ఇంటి ముందూ నిలబడి చెప్పింది. సంచులు నేను మోసంగా చేశాను, మా అత్తకి తెలీదు, ఆవిడ మాట మీరు నమ్మారు, ఆ మాట ఇక ఆవిడది కాదు, నాది. చెప్పిన ప్రతిసారీ మొదటిసారంత కష్టంగానే ఉంది. మంజు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గణేశ్వరరావు, "చదువుకున్నావు కదమ్మా," అన్నాడు. నూకన్న బీడీ ఆర్పేశాడు.

"మా పడవలోంచి నానే ఏయించినాను ఆళ్ళ సేత," అన్నాడు. "నవ్వుతా ఏసినారు పాపం, సిన్నపిల్లలు కూడా."

చిట్టితల్లి గుమ్మంలోకి వచ్చి పద్మిని నోరు విప్పకముందే అంది. "నాకు తెలుసు దీదీ. ముట్టుకున్నరోజే తెలిసింది. మీరు చెప్పారు కదా అని ఊరుకున్నాను." ఆమె కూడా తల దించుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటూ.

రాజ్‌కిరణ్ ఫోనులో ముందు నమ్మలేదు, తరవాత అరిచాడు. "మా చేత సముద్రంలో వేయించారు మేడమ్! మా పేరు ఏం కావాలి?" ఆర్డరు పోయింది. మిగిలిన సంచులు వెనక్కి పంపేశాడు. పద్మిని తండ్రి గోడ మీద అద్దం తీసి, ఏం చెయ్యాలో తెలియక అలమరా వెనక పెట్టాడు.

మర్నాడు పొద్దున లంబాలైన్‌లో పద్మిని పాలు పెడుతుంటే బయట ఎవరో, "నీళ్ళొస్తున్నాయి, బళ్ళు తియ్యండి," అంటున్నారు. తలుపు తీసి చూస్తే పల్లం వీధుల నుంచి ఆటోస్టాండు మీదుగా, ఎయిర్‌పోర్టు గోడ వెంట సముద్రం ఎక్కి వస్తోంది. సునామీనాడు వచ్చిన నీళ్ళు ఎవరిల్లు ఎవరిదని చూసుకోలేదు. ఇవి అలాంటివి కావు. చీలమండ లోతున, అడ్రసు వెతుక్కునేవాళ్ళలా ఒక్కొక్క గేటు దగ్గరా ఆగుతూ వచ్చాయి. పక్కింటాయన స్కూటరు పక్కకి జరిపి దారి ఇచ్చాడు. నీళ్ళు పద్మిని గుమ్మం దగ్గర నారింజ వాసన వేసే సంచుల్ని దింపి, కాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగిపోయాయి.

ముసలమ్మ వాకిలి ఆ పొద్దున ఖాళీగా ఉందని చిట్టితల్లి ఫోను చేసి చెప్పింది.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేవి. సముద్రంలో పడ్డవన్నీ ఒకేసారి దొరకవు కదా. కొన్ని చేపలు కొరికినవి, కొన్ని పగడాల గట్టుకి చిక్కి చిరిగినవి. ఒకదాంట్లో వేలెడంత చేపపిల్ల ఇరుక్కుని చచ్చిపోయి ఉంది. పద్మిని దాన్ని అరచేతిలో పెట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ఆమెని తప్పుకుని నడిచారు. ఆమె లోపలికి పోవాలని అనుకోలేదు.

వారం తిరిగేసరికి ముసలమ్మ వచ్చింది, బజారు నుంచి నేరుగా, బుట్టతో. మెట్ల మీద కూర్చుని నీళ్ళు ఎక్కి రావడం చూసింది. అవి గేటు దగ్గరికి చేరి, సంచులు దింపి, ఆగాయి. ముసలమ్మ చెవి ఒగ్గింది.

"ఇన్నావా పిల్లా? ఒగురుస్తంది."

పద్మిని విన్నది. నిజమే. కొండెక్కిన ముసలి మనిషిలా నీళ్ళు ఎగశ్వాస తీస్తున్నాయి.

"పాపం, ఎంత ఎత్తెక్కి వస్తందో నీ కోసరం," అంది ముసలమ్మ. ఆ మాటలో దెప్పు లేదు, జాలే ఉంది. బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

యువరాజ్ ఓడ దిగి వచ్చాక పద్మిని అతనికి కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఈ ఇల్లు ఖాళీ చేసేద్దాం."

"ఎక్కడికి? మీ నాన్నగారింటికా?"

"వీధిలోకి. నూకన్న మావయ్య పక్క పోర్షను ఖాళీగా ఉంది. సముద్రాన్ని రోజూ ఇంత దూరం రప్పించడం బాగులేదు."

యువరాజ్ అన్నం కలుపుతూ ఆమె వంక చూశాడు. ఆ వీధిలో పుట్టి, పెళ్ళాం కోసం ఎత్తు మీదికి వచ్చినవాడు. "వాళ్ళు నీతో మాట్లాడతారా?" అని అడిగాడు.

"మాట్లాడకపోవచ్చు," అంది పద్మిని.

సామాను పైడిబాబు ఆటోలోనే దిగింది. మొదట్లో ఎవరూ మాట్లాడలేదు. కుళాయి దగ్గర బిందె పెడితే పక్కకి జరిగి చోటిచ్చేవారు, అంతే. ఆస్టినాబాద్ షెడ్డు వదిలేసి, ఆవిరి పట్టే పాత్ర ఒక్కటీ తెచ్చుకుని పెరట్లో పెట్టుకుంది. వానలు వెనక్కి తగ్గాక బళ్ళ దగ్గర మళ్ళీ తొక్కలు పోగయ్యాయి. సంచుల ఊసెత్తలేదు. బోటు ఇంజిన్లకి నూనె మాత్రం తీసేది. ఒకరోజు చిట్టితల్లి అడక్కుండానే వచ్చి, చీర ఎగ్గట్టి, తొక్కలు తరగడానికి కూర్చుంది. "ఎండ గట్టిగా కాస్తోంది దీదీ. పళ్ళేలు ఎక్కడ పెట్టారు?" అంది. పద్మిని లేచి వెళ్ళి పళ్ళేలు కడుక్కొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని బయటికొచ్చేసరికి పద్మిని వాకిట్లో ప్లాస్టిక్ సంచులు ఎప్పటిలాగే ఉన్నాయి. నీళ్ళు ఒగర్చకుండా, తీరిగ్గా వెనక్కి పోతున్నాయి. వీధంతా చూస్తుండగా ఆమె కొంగు బిగించి వంగింది. మొహం వేడెక్కింది. ఆ వేడి రోజూ ఉండేదే, తగ్గలేదు. ఏరుతూ ఏరుతూ ఉండగా ఎవరివో కాళ్ళు ముందుకొచ్చి ఆగాయి. మంజు. తలుపేసుకున్న నాటి నుంచీ ఒక్క మాట అనని మంజు.

చేతిలో ఖాళీ గోనె ఉంది. దాన్ని దులిపి, పద్మిని ముందు పడేసింది.

"చేత్తో ఎన్నని మోస్తావు, ఇందులో వేసుకో," అంది. వెళ్ళిపోబోతూ ఆగి, "తిరిగి ఇవ్వక్కర్లేదు. రేపు కూడా వస్తాయి కదా."